మన ఇంటి నడుం నొప్పి

ఏప్రిల్ 6, సోమవారం

పిచికా,

మరిది గారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని చెప్పాను, ఎక్కుతూనే ఉంటారని నాకు తెలుసు. కోడలికి కళ్ళజోడు మార్చారన్నావు, తలనొప్పి తగ్గిందా? మనవడి దగ్గు సంగతి సరిగ్గా రాయి, దాచిపెడితే నేను ఇక్కడ కూర్చుని ఊహించుకుంటాను, నా ఊహలో దగ్గు ఎప్పుడూ దగ్గుతో ఆగదు. మీవాడు కొత్త బండి మీద తిరుగుతున్నాడట, హెల్మెట్ పెట్టుకుంటున్నాడా? పెట్టుకుంటున్నాడని అబద్ధం రాయకు. నీ నడుం నొప్పి ఎలా ఉంది? నేను పంపిన తైలం ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఇంకో సీసా కొని ఉంచాను, అటు వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే పంపిస్తాను.

మావాడి సంగతి నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. జలుబు అనీ, పని ఎక్కువ అనీ ఏదో ఒకటి రాసి తప్పించుకున్నాను. పదకొండు వారాలుగా వాడు పనిలోకి వెళ్ళడం లేదు పిచికా. లిఫ్టులు బాగుచేసే పనిముట్ల సంచి తలుపు పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది, నేను దాని చుట్టూ ఊడుస్తున్నాను. పిలిస్తే పలుకుతాడు. పెడితే తింటాడు, నాలుగు ముద్దలు. నలభై నాలుగేళ్ళ మనిషికి గడ్డం గీసుకోమని నేను గుర్తుచెయ్యాలా? ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసినదాన్ని, దుప్పటి చూస్తే మనిషి తెలుస్తాడు నాకు. జ్వరం వచ్చినవాళ్ళ దుప్పటి అంతా నలుగుతుంది. గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళ దుప్పటి ఒక్క పక్కే నలిగి, రెండో పక్క అప్పుడే మడత విప్పినట్టుంటుంది. వాడి మంచం మీద ఆ దుప్పటి చూసిన రోజే నాకు అర్థమైంది. అర్థమయ్యీ వాడి ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి ఏం చెప్పానో తెలుసా? నడుం నొప్పి అని చెప్పాను.

ఏమైంది ఏమైంది అని అందరూ అడుగుతారు. ఏమీ కాలేదు. ఎవరూ పోలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. ఏదో ఒకటి జరిగి ఉంటే కనీసం దాన్ని తిట్టుకునేదాన్ని. కింది వాటా ఆవిడ "పెళ్ళి చేసి ఉంటే ఇలా అయ్యేవాడా అక్కా" అంటుంది. ఆవిడకి పెళ్ళై ఇరవై ఏళ్ళు, ఆవిడ మొగుడు నవ్వగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు మాత్రలు రాశాడు. మూడోసారి వెళ్ళినప్పుడు, "మాత్రలతో పాటు మనుషులూ కావాలమ్మా. ఈ డిప్రెషన్ ఉన్నవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గ్రూపులుంటాయి, మీ దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి" అన్నాడు. ఎక్కడ కనుక్కోవాలి నాయనా అంటే "ఉంటాయమ్మా" అన్నాడు. ఉంటాయట! పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే వీధిలో ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. మనిషి లేచి కూర్చునే చోటు ఎక్కడుందంటే మాత్రం నాలాంటి మూడో తరగతి చదివినది వీధులన్నీ కొలుచుకుంటూ కనుక్కోవాలి! మందుల షాపువాణ్ణి అడిగితే అటూ ఇటూ చూసి, నేనేదో దొంగసరుకు అడిగినట్టు, "మెల్లిగా అనండమ్మా, కస్టమర్లున్నారు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

చివరికి ఆరోగ్య కార్యాలయంలో కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అద్దానికి చిన్న కన్నం, అవతల ఒక అమ్మాయి, నా వెనక ఎనిమిది మంది. "ఏ గ్రూపు కావాలమ్మా?" అంది. నా నోట్లోంచి ఏం వచ్చిందో చెప్పనా? నడుం నొప్పి వాళ్ళ గ్రూపు అని వచ్చింది! "మంగళవారం పదింటికి, గ్రంథాలయం పైన హాలు" అని చీటీ రాసిచ్చింది. నేను కూడా, వాళ్ళ భాషలో ఇలాగే అంటారు కాబోలు, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది కాబోలు అనుకుని వెళ్ళాను. వెళ్తే తొమ్మిది మంది చాపల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తుతున్నారు. మెళ్ళో విజిల్ వేసుకున్న పిల్ల ఒకత్తి, "రండి మామ్మగారూ, చాప తీసుకోండి, ఎడమ కాలు" అంది. ఏం చెయ్యను? పడుకున్నాను. ఎత్తాను. డెబ్భై ఒక్కేళ్ళ వయసులో, లేని నడుం నొప్పికి, కొడుకు ఇంట్లో గోడవైపు తిరిగి ఉండగా, పైకప్పు చూస్తూ ఎడమ కాలు ఎత్తాను. లేవడానికి ఇద్దరు సాయం పట్టారు. ఆ అవమానం ఇంకా చల్లారలేదు.

ఆ మాట నా నోటికి ఎక్కడినుంచి వచ్చిందో నీకు తెలుసు. అమ్మ. నీకు తొమ్మిది, నాకు పదమూడు. ఎవరడిగినా నడుం నొప్పి అని చెప్పండి అని నాన్న నేర్పించాడు. చెప్పడమే కాదు, పొద్దున నువ్వు, సాయంత్రం నేను తైలం రాశాం. నాలుగేళ్ళు రాశాం. ఇల్లంతా ఆ వాసన. ఒక సాయంత్రం నేను రాస్తుంటే అమ్మ గోడవైపు తిరిగే ఉండి, "అక్కడ కాదే తల్లీ" అంది. నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేనేం చేశానో తెలుసా? చెయ్యి ఇంకాస్త కిందికి జరిపి రాశాను. మరి ఎక్కడమ్మా అని అడగలేదు. యాభై ఎనిమిదేళ్ళుగా ఆ చెయ్యి నాతోనే ఉంది.

జవాబు రాయి.

నీ అక్క


ఏప్రిల్ 20, సోమవారం

పిచికా,

మోకాళ్ళు, తలనొప్పులు, దగ్గులు తర్వాత అడుగుతాను. ముందు నీ మీద కోపం తీరాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఇలాంటివి కాగితం మీద పెట్టకు, ఇక్కడ ఉత్తరాలు అందరూ చదువుతారు. పోయిన అమ్మని ఎందుకు తవ్వుతావు? అమ్మకి నడుం నొప్పే. వాడికీ అదే చెప్పు. నడుం నొప్పి అంటే ఎవరూ ఏమీ అడగరు" అని రాశావు. అవునే, ఎవరూ ఏమీ అడగరు! నేను ఏడ్చేది అందుకే కదా! అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. తైలం సీసాలు మాత్రం తెచ్చిపెట్టారు. మీ ఇంట్లో అందరూ చదువుతారా? చదవనీ. ఈసారి అక్షరాలు పెద్దగా రాస్తున్నాను, కోడలు కళ్ళజోడు లేకుండా కూడా చదువుకోవచ్చు.

ఆ కోపంతోనే మళ్ళీ కౌంటర్‌కి వెళ్ళాను. అదే అమ్మాయి. "నడుం ఎలా ఉంది మామ్మగారూ?" అంది. "నా నడుము గుండ్రాయిలా ఉంది. నా కొడుక్కి డిప్రెషన్. దిగులు జబ్బు. దానికి గ్రూపు ఎక్కడుందో చెప్పు" అన్నాను.

"గట్టిగా అనకండమ్మా, అందరూ వింటున్నారు."

"వినాలనే అంటున్నాను! కాలు విరిగితే గట్టిగా చెప్పచ్చు, కళ్ళు కనపడకపోతే గట్టిగా చెప్పచ్చు. ఇది మాత్రం అద్దంలో కన్నానికి మూతి ఆనించి చెప్పాలా?"

పిచికా, నన్ను చూసి ధైర్యవంతురాలని అనుకోకు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అని ఆ గొడవలో కూడా ఒక పక్క ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి సొరుగులు వెతికి ఫోన్ నంబరు ఉన్న చీటీ ఒకటి ఇచ్చింది. బయటికొచ్చి చేస్తే టైర్ల షాపు. అతను మంచివాడే. "మీరు చెప్పే గ్రూపు ఇక్కడ కాదమ్మా. రోజుకి ఒకరో ఇద్దరో ఇలాగే చేస్తారు. రాంగ్ నంబర్ అని పెట్టేస్తాను, ఏం చెయ్యను?" అన్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగాను. రెండేళ్ళట! రెండేళ్ళుగా, రోజుకి ఒకరో ఇద్దరో, ఎంత కూడగట్టుకుని ఆ నంబరు నొక్కి ఉంటారు? అవతల టైర్ల షాపు అనగానే ఫోన్ పెట్టేసి ఏం చేసి ఉంటారు? నేను వెనక్కి వెళ్ళి ఆ చీటీ కన్నంలోంచి లోపలికి తోసి, నా ముందు దాన్ని చింపించాను.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవరో "పెద్దమ్మా" అని పిలిచారు. రొట్టెల బట్టీ నడిపే ఆవిడట, లైసెన్సు పని మీద వచ్చి నా వెనకే నిలబడిందట. చేతులకి ఇంకా పిండి ఉంది. "గురువారం నాలుగింటికి, ఫైర్ స్టేషన్ వెనక గది. బోర్డు ఉండదు, నీళ్ళ గొట్టాలు ఆరేసిన చోటు" అని మెల్లిగా చెప్పింది. ఇన్ని ఆఫీసులు చెప్పలేనిది, నేను నోరు పెంచి అడిగానని ఒక్క మనిషి చెప్పింది. నేను మళ్ళీ నడుం నొప్పి అని ఉంటే ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళిపోయేది.

వాణ్ణి తీసుకెళ్ళేముందు ఎలాంటి చోటో చూద్దామని నేనొక్కదాన్నే వెళ్ళాను. నిప్పులార్పే గొట్టాలు ఆరబెట్టడానికి కట్టిన ఎత్తైన గది. పైన గిలకలు, వాటినుంచి తెల్లటి గొట్టాలు నేలదాకా వేలాడుతుంటాయి, చివరల్నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు. ఆ మధ్య ఏడు కుర్చీలు గుండ్రంగా. నడిపేది రిటైరైన ఫైరింజన్ డ్రైవరు, పెద్ద చేతులు, చిన్న గొంతు. ఒకాయన ఆరు నెలలుగా నిద్ర లేదన్నాడు. వెంటనే నేను, పొద్దుగూకగానే తినేసి కాళ్ళు కడుక్కుని పడుకో నాయనా అన్నాను. ఒకమ్మాయి ఎవరితోనూ మాట్లాడాలనిపించదంది. ఒక్కతివే ఉంటే అలాగే ఉంటుంది, మా ఇంటికి రా అన్నాను. డ్రైవరు గారు, "అమ్మా, ఇక్కడ సలహాలివ్వం, వింటాం" అన్నారు. సలహాలివ్వరట! మరి దేనికి ఈ కుర్చీలన్నీ? ఇంత వయసొచ్చింది, సలహా ఇవ్వకుండా నోరెందుకు నాకు? పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు రొట్టెల ఆవిడ చెప్పింది. బట్టీకి రాలేకపోయిన రోజుల్లో పంటి నొప్పి అని చెప్పేదట. మూడు నెలలు అదే చెబితే, తమ్ముడు బలవంతంగా పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడట. కుర్చీలో కూర్చున్నాక, అబద్ధమని చెప్పలేక, వేలు పెట్టి ఒక పన్ను చూపించిందట. బంగారంలాంటి పన్ను పీకేశారు పిచికా! నోరు తెరిచి ఆ ఖాళీ చూపించింది. కొందరు నవ్వారు, ఆవిడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరి మీద కేకలెయ్యాలో తెలియక చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. సలహా కూడా తోచలేదు.

మావాడికి ఇంటికొచ్చి అంతా చెప్పాను. "నేను రాను, నువ్వెళ్ళు" అన్నాడు గోడతో. చూస్తాను.

నీ అక్క


మే 9, శనివారం

పిచికా,

మరిది గారి కార్డు నిన్న అందింది. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందు మావాడి సంగతి చదువు. ఉత్తరం చివరికి దూకకు, నీకు ఆ అలవాటుంది.

రెండు వారాల కిందట వాడి ఫోర్‌మన్ ఇంటికొచ్చాడు, చేతిలో కంపెనీ కాగితంతో. "అమ్మా, నడుం పోయినవాణ్ణి లిఫ్టు గోతిలోకి దింపితే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. విడిభాగాల కౌంటర్లో కూర్చోబెట్టేద్దాం అంటున్నారు, ఇంకెప్పుడూ లిఫ్టు ముట్టుకోకూడదట. ఇక్కడ సంతకం పెట్టించండి" అన్నాడు. పందొమ్మిదేళ్ళ పనితనం. దానికి గొయ్యి తవ్వింది ఎవరు? నేను. నా నోటితో.

లోపల మంచం కిర్రుమంది. "ఎవరికి పోయింది నడుం?" అని వాడి గొంతు. పదమూడు వారాల్లో వాడు అంత గట్టిగా మాట్లాడటం అదే. గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు, గడ్డంతో, నలిగిన చొక్కాతో. "నేనే చెప్పానురా" అన్నాను. వాడు నన్ను చూసిన చూపు నేను బతికినన్నాళ్ళూ మరిచిపోను.

"అమ్మా, ఊళ్ళో అందరికీ నా నడుం విరిగిందని చెప్పావా? నాతో ఒక్క మాట అన్నావా?"

"ఏమనమంటావురా? ఏమని చెప్పమంటావు?"

"సార్," అన్నాడు ఫోర్‌మన్‌తో, "నా నడుముకేం కాలేదు. పొద్దున బూట్ల లేసు కట్టుకోడానికి కూర్చుంటే గంట గడుస్తుంది. కట్టుకున్నాక మళ్ళీ విప్పేస్తాను. అందుకే రావట్లేదు. డాక్టరు డిప్రెషన్ అన్నాడు."

ఫోర్‌మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "దీంట్లో దానికి గడి లేదయ్యా" అన్నాడు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. నడుముకి గడి ఉంది, కంటికి ఉంది, చేతికి ఉంది, చెవికి కూడా ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "గడి లేకపోతే పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ రాయండి! పెన్ను లేదా? నేనిస్తాను! మీరు రాయకపోతే నేను రాస్తాను, నా అక్షరాలు పెద్దవి, గడిలో పట్టవు ఎలాగూ!" అన్నాను. రాశాడు. మార్జిన్‌లో, నిలువుగా, వాడు చెప్పింది చెప్పినట్టు. నేను మూడుసార్లు చదివించుకున్నాను. నడుం సంగతి కొట్టేయించాను. డాక్టరు ఉత్తరంతో పాటు పంపితే ఉద్యోగం అట్టే పెడతారట, నెమ్మదిగా రావచ్చట. అది నమ్మను, కాగితం చేతికొచ్చాక నమ్ముతాను.

వాడికి నా మీద కోపం తగ్గకముందే గురువారం వచ్చింది. వాడు నాతో మాట్లాడటం మానేశాడు, కానీ మూడున్నరకి బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టలేదు. కట్టనా అనబోయి నోరు మూసుకున్నాను. ఫైర్ స్టేషన్ దాకా నాకు పది అడుగుల ముందు నడిచాడు.

కుర్చీలో కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడమనలేదు. రొట్టెల ఆవిడ మాట్లాడింది, నిద్రపట్టని ఆయన మాట్లాడాడు. గాలికి గొట్టం ఊగినప్పుడల్లా పైన గిలక కీచుమంటోంది. వాడు తలెత్తి దాన్నే చూస్తున్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపల ఏదో ఒకటి అనరా నాయనా, ఏదో ఒకటి అనరా అని చచ్చిపోతున్నాను. గంట అయిపోయింది. అందరూ లేచారు. అప్పుడన్నాడు: "ఆ మూడో గిలకకి నూనె లేదు. ఇరుసు అరిగిపోతుంది." డ్రైవరు గారు పైకి చూసి, "రెండేళ్ళుగా అరుస్తోంది బాబూ, ఎవరికీ తెలీలేదు ఏం చెయ్యాలో" అన్నారు. "వచ్చే గురువారం నిచ్చెన ఉంచండి" అన్నాడు వాడు.

మొన్న గురువారం సంచి తీసుకెళ్ళాడు. దాని కింద నేలమీద నలుచదరంగా మచ్చ ఉంది, ఊడవని దుమ్ము. నిచ్చెనెక్కి నూనె వేశాడు. కింద కుర్చీలో నేను వాడు పడిపోతాడేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. దిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా అందరికీ ఒక సంగతి చెప్పాడు. అది నీకు రాయను. అక్కడి మాట అక్కడే ఉండాలని నియమం, రొట్టెల ఆవిడ పన్ను సంగతి నీకు రాసేశాక తెలిసింది. నయమైపోయిందనీ రాయను. నిన్న మళ్ళీ మధ్యాహ్నం దాకా లేవలేదు. కానీ ఇవాళ దుప్పటి మార్చేటప్పుడు చూశాను, రెండు పక్కలా నలిగి ఉంది.

ఇక మరిది గారి కార్డు. "మీ చెల్లెలు నెల రోజులుగా లేవడం లేదు. నడుం నొప్పి. ఫొటో తీయించాం, ఎముకల్లో ఏమీ లేదన్నారు. మీ దగ్గరున్న తైలం పంపండి" అని రాశారు.

పిచికా, ఎన్నేళ్ళ నుంచి? నేను నీకు పంపిన సీసాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాన్న తెచ్చినట్టే తెచ్చాను, ఒకటి అయిపోతే ఇంకోటి. నేను కేకలేస్తూ ఉత్తరం రాసినప్పుడు నువ్వు పడుకునే ఉన్నావా? "ఎవరూ ఏమీ అడగరు" అని గోడవైపు తిరిగే రాశావా? నేను అది చదివి నీ మీద మండిపడ్డాను. కౌంటర్ అమ్మాయి మీద, డాక్టరు మీద, గడుల కాగితం మీద, లోకం మొత్తం మీద మండిపడ్డాను. మొదటి ఉత్తరం మొదటి పేరాలో నీ నడుం ఎలా ఉందని అడిగి, జవాబు రాకపోతే పట్టించుకోనిదాన్ని, నా మీద మండిపడటం ఒక్కటే మిగిలింది. అదిప్పుడు చేస్తున్నాను.

తైలం పంపను. కొని ఉంచిన సీసా మావాడి సంచి జిప్పుకి రాశాను, బాగా జారుతోంది.

ఇప్పుడు అడుగుతున్నాను, అమ్మని అడగనిది. ఎక్కడే? జవాబు రాయక్కర్లేదు, నేనొచ్చాక చెబుదువు గాని. చెప్పాలనిపించకపోతే ఊరికే పక్కన కూర్చుంటాను. సలహా ఇవ్వను. నేను నోరు మూసుకుని కూర్చోవడం నువ్వు జన్మలో చూడలేదు, అది చూడటానికైనా ఇటు తిరుగు. నీకు ఓపిక ఉన్న రోజున మీ ఊళ్ళో కౌంటర్ దగ్గరికి వెళ్దాం. లేకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. ఎంత గట్టిగా అరవాలో నాకిప్పుడు తెలుసు. ఎవరో ఒకరు మెట్లమీద వెనకాలే వస్తారు.

ఈ ఉత్తరం కోడలు చదివితే, అమ్మాయీ, మీ అత్తగారి దుప్పటి నేనొచ్చేదాకా మార్చకు, నేను చూడాలి.

మావాడు తోడు వస్తానంటున్నాడు. ఆ పొద్దున లేవగలిగితే వస్తాడు, లేకపోతే నేనొక్కదాన్నే బస్సెక్కుతాను. బుధవారం, మే పదమూడు, పదిన్నర బస్సు.

నీ అక్క